పద్నాలుగేళ్ల లెక్కలో లేనివి

"యావజ్జీవమంటే పద్నాలుగేళ్లే, జైల్లో పగలూ రాత్రీ వేరువేరు రోజులుగా లెక్కిస్తారు గనుక ఏడేళ్లకే బయటపడతారు, వచ్చాక దర్జాగా నాయకులవుతారు" అన్న సందేశం ఈమధ్య కడప, కర్నూలు ప్రాంతాల్లో ఫోన్ల నుంచి ఫోన్లకు పాకుతోంది. ఫ్యాక్షన్ హత్యలపై మనవారి కోపం న్యాయమైనదే గానీ, ఇందులో ఒక్క మాటా నిలవదు.

పగలూ రాత్రీ సంగతికి ఎక్కువ శ్రమ అక్కర్లేదు. అలాంటి లెక్క ఏ చట్టంలోనూ లేదు.

పద్నాలుగేళ్ల మాటకు ఆధారం 1978లో అప్పటి నేర విచారణ స్మృతిలో చేర్చిన 433ఎ సెక్షన్ (2024లో అమల్లోకి వచ్చిన కొత్త స్మృతిలోనూ ఇదే నియమం 475వ సెక్షన్‌గా ఉంది). మరణశిక్షకు వీలున్న నేరంలో యావజ్జీవం పడిన ఖైదీని 14 ఏళ్లు నిండకుండా వదలరాదని అది చెబుతుంది. అంటే అది కింది హద్దు, పై హద్దు కాదు. యావజ్జీవమంటే జీవితాంతమేనని సుప్రీంకోర్టు 1961లోనే గోపాల్ గాడ్సే కేసులో తేల్చింది. 14 ఏళ్లు నిండినవాడికి విడుదల హక్కేమీ రాదు, తన విషయం పరిశీలించమని అడిగే హక్కు మాత్రమే వస్తుంది. సర్కారు కరుణించినా కోర్టు ఊరుకోకపోవచ్చు: 2006లో ఏపూరు సుధాకర్ కేసులో గవర్నరు ఇచ్చిన శిక్ష తగ్గింపును సుప్రీంకోర్టు కొట్టివేసింది (అది పదేళ్ల శిక్షే అయినా సూత్రం ఒకటే).

దర్జా సంగతి చూద్దాం. పాత శిక్షాస్మృతి 149వ సెక్షన్ కింద, చంపే ఉద్దేశంతో చేరిన గుంపులో కట్టె పట్టుకు నిలిచిన కూలివాడు కూడా వేటు వేసినవాడితో పాటు అదే హత్యానేరానికి దోషి. ఆ కూలివాడు ముందస్తుగా విడుదలైనా అది షరతులతోనే; షరతు తప్పాడని ప్రభుత్వం భావించి తగ్గింపును రద్దు చేస్తే, వారంటు లేకుండానే పోలీసులు అతన్ని పట్టుకుని మిగిలిన శిక్షకు పంపవచ్చు. యావజ్జీవం పడినవాడికి మిగిలింది ఎంతో వేరే చెప్పనక్కర్లేదు. నాయకుడవడం మాట అంటారా, రెండేళ్లకు తగ్గని శిక్ష పడినవాడు విడుదలయ్యాక కూడా ఆరేళ్లు శాసనసభకు పోటీ చేయలేడు.

2008లో లోపలికి వెళ్లినవాడికి ఆధార్ అంటే ఏమిటో తెలియదు. బయటికి వచ్చాక రేషన్, పింఛను, బ్యాంకు అన్నీ దాన్నే అడుగుతాయి. అనంతపురం దగ్గర రెడ్డిపల్లి ఆరుబయలు జైల్లో సేద్యం చేసివచ్చినవాడికి పని వచ్చునని ఒప్పుకుంటూనే, కౌలుకు ఎకరం ఇవ్వడానికి వెనకాడే ఊళ్లు ఈ సీమలోనే ఉన్నాయి.