సవరణ: పెల్టియర్ కూలర్‌కు 2 ఆంప్ అడాప్టర్ చాలదు

కరెంటు ఇస్తే ఒక వైపు చల్లబడి రెండో వైపు వేడెక్కే టీఈసీ1-12706 పెల్టియర్ పలకతో కూల్‌డ్రింక్ కూలర్ చేసుకోవడం గురించి రాస్తూ, 12 వోల్టుల 2 ఆంప్ అడాప్టర్ సరిపోతుందనీ, క్యాన్ పది నిమిషాల్లో చల్లబడుతుందనీ చెప్పాం. రెండూ తప్పే.

12 వోల్టుల దగ్గర ఆ పలక 4 నుంచి 5 ఆంప్‌లు లాగుతుంది. చిన్న అడాప్టర్ వోల్టేజి పడిపోతుంది, లేదా ఆగి ఆగి నడుస్తుంది. ఫ్యాన్‌తో కలిపి 12 వోల్టుల 6 ఆంప్ ఎస్‌ఎంపీఎస్ (ఇంటి కరెంటును 12 వోల్టుల డీసీగా మార్చే పవర్ సప్లై) పెట్టండి. సన్నటి జంపర్ వైర్లు వద్దు, వేడెక్కిపోతాయి.

ఇక సమయం. 330 మిల్లీలీటర్ల పానీయం 30 డిగ్రీల నుంచి 10కి దిగాలంటే సుమారు 27,600 జౌళ్ల వేడి బయటికి పోవాలి. పలక క్యాన్ నుంచి నికరంగా 15 వాట్ల వేడి లాగినా అరగంట పడుతుంది. మూత, థర్మోకోల్ తొడుగు లేకపోతే ఇంకా ఎక్కువే.

వేడి వైపు ఉత్త అల్యూమినియం రేకు పనికిరాదు. లాగిన వేడికి కరెంటు వేడి కూడా తోడై 60 వాట్లు దాటుతుంది కాబట్టి ఫ్యాన్ ఉన్న సీపీయూ హీట్‌సింక్ (కంప్యూటర్లలో వేడిని గాలిలోకి వదిలే లోహపు రెక్కల దిమ్మె) తప్పనిసరి. అది బిగించకుండా పరీక్షకైనా స్విచ్ వేయకండి, పలక కాలిపోతుంది. పలకకూ హీట్‌సింక్‌కూ మధ్య వేడిని దాటించే థర్మల్ పేస్ట్ పల్చటి పొరగానే రాయాలి. చల్లటి అంచున నీటి చుక్కలు చేరతాయి, చుట్టూ సిలికాన్ పూయండి. చల్లబడ్డాక క్యాన్ తీసేయండి. కరెంటు ఆపగానే హీట్‌సింక్ వేడి పలక గుండా వెనక్కి వస్తుంది.