‘అయితే’కు బటన్ లేదు

మన చట్టాలలో ఉన్న కాస్త దయా ‘అయితే’ అనే మాట తరువాతే ఉంటుందని, సాఫ్ట్‌వేర్ ఏమేమి చేయాలో చెప్పే రిక్వైర్‌మెంట్లు రాసే మహానుభావులు సరిగ్గా ఆ మాటకు ముందే చదవడం ఆపేస్తారని, రేషన్ షాపు ముందు అరగంట నిలబడిన పాఠకులకు నేను వేరే చెప్పనక్కరలేదు. 2016 నాటి ఆధార్ చట్టం ఏడో సెక్షన్ రాయితీ ఇవ్వడానికి ఆధార్ అడగవచ్చునంటుంది. అయితే, ఆ సంఖ్య ఇంకా కేటాయించని వారికి అనువైన మరో గుర్తింపు మార్గం చూపి తీరాలని కూడా అంటుంది. మొదటి సగం రేషన్ షాపులో వేలిముద్ర సరిచూసే ఈ-పాస్ మిషన్ అయింది. రెండో సగం, తరువాత చూద్దాంలే అని పక్కన పెట్టే ‘ఫేజ్ టూ’ అయి ఉంటుందని నా ప్రగాఢ విశ్వాసం. ఫేజ్ టూ అనేది మన పరిశ్రమలో స్వర్గం వంటిది. అందరూ నమ్ముతారు, చూసి వచ్చినవారు మాత్రం లేరు.

నాట్లు వేసీ కలుపు తీసీ గీతలన్నీ అరిగిపోయిన వేలిని ఒక అవ్వ ఆ మిషన్ మీద పెడుతుంది. ‘‘కొంగుతో తుడువవ్వా’’ అంటాడు డీలరు. తుడుస్తుంది. ‘‘గట్టిగా నొక్కు.’’ నొక్కుతుంది. ‘‘ఆ వేలు కాదు, పక్క వేలు.’’ అలా పది వేళ్లూ అయిపోతాయి. కాలి వేళ్ల ప్రస్తావన స్పెసిఫికేషన్‌లో లేదు కనుక అక్కడితో ఆగుతారు. ‘‘నువ్వు నువ్వేనని నాకు తెలుసవ్వా, మిషన్‌కు తెలియాలి గదా, రేపు రా’’ అని, పుట్టినప్పటినుంచీ ఆమెను ఎరిగిన ఆ డీలరే పంపేస్తాడు. ఈ మిషన్‌ను పరీక్షించి ఆమోదించిన వేళ్లు ఏ పొలంలోనూ దిగినవి కావని నేను పందెం కాస్తాను.

2013 నాటి ఆహార భద్రతా చట్టం ప్రకారం మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం ఇవ్వవలసినది ప్రభుత్వం. ఆ వాక్యానికి కర్త ప్రభుత్వమే. రిక్వైర్‌మెంట్‌లోకి దిగేసరికి కర్త మారిపోయింది: లబ్ధిదారు తన వేలిముద్రను సరిపోల్చుకోవాలట! బాకీ పడ్డవాడు దర్జాగా కూర్చుంటే, రావలసినవాడు రుజువులు మోయాలా? 2017 సెప్టెంబరులో జార్ఖండ్‌లోని సిమ్‌డేగా జిల్లాలో 11 ఏళ్ల పిల్ల అన్నం అడుగుతూ చనిపోయిందని, ఆధార్ జతకాలేదని తమకు రేషన్ ఆపేశారని తల్లి చెప్పింది. మలేరియా అని అధికారులు అన్నారు. రేషన్ ఆగడానికి ఏ జ్వరం కారణమో మాత్రం ఎవరూ చెప్పలేదు.

మరుసటి నెల, అక్టోబరు 24న, వేలిముద్ర పడలేదని సరుకు నిరాకరించరాదని ఆధార్ సంస్థే సర్క్యులర్ ఇచ్చింది. 2018 సెప్టెంబరు 26 నాటి తీర్పులో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. ఇంత జరిగాక, ఆ ‘అయితే’ను ఒక్క బటన్‌గా మార్చడానికి ఎన్ని రోజుల పని పడుతుందని అడిగి చూడండి: రిక్వైర్‌మెంట్ ఇంకా స్పష్టంగా లేదంటారు.