పెద్దలకు జిమ్నాస్టిక్స్ నేర్పే చోటు ఎక్కడుంది?

ముప్పై అయిదేళ్ల వయసులో ఈత నేర్చుకుంటానంటే ఎవరూ వింతగా చూడరు. షటిల్ రాకెట్ కొన్నా, మారథాన్‌కు పేరు ఇచ్చినా ఇంట్లోవాళ్లు మెచ్చుకుంటారు. అదే మనిషి జిమ్నాస్టిక్స్ నేర్చుకుంటానంటే మాత్రం ముందు నవ్వు, వెంటనే "ఈ వయసులో నడుం విరగ్గొట్టుకుంటావా" అన్న మందలింపు వినాల్సి వస్తుంది. ఆ మందలింపులో కొంత నిజం లేకపోలేదు. అయితే హైదరాబాద్‌లోనో విశాఖపట్నంలోనో ఈ కోరికతో బయలుదేరినవారికి ఎదురయ్యే అసలు అడ్డంకి వయసు కాదు. మన దగ్గర జిమ్నాస్టిక్స్ హాలు అన్నదే పిల్లల కోసం, పతకాల కోసం ఏర్పడింది. పెద్దల సమయాన్ని, శరీరాన్ని, భయాన్ని లెక్కలోకి తీసుకుని నడిచే చోట్లు చాలా తక్కువ.

ఈ ఆట బాల్యంతో ఇంతగా ముడిపడిపోవడానికి కారణం లేకపోలేదు. 1997 నుంచి మహిళల సీనియర్ అంతర్జాతీయ పోటీల్లో పాల్గొనడానికి కనీస వయసు 16 ఏళ్లు. ఆ వయసుకు అక్కడికి చేరాలంటే అయిదారేళ్లకే హాల్లో అడుగుపెట్టాలి. ఆరేళ్లకు అగర్తలలో మొదలుపెట్టిన దీపా కర్మాకర్ 2016 రియో ఒలింపిక్స్‌లో వాల్ట్‌లో (పరుగెత్తుకొచ్చి బల్లపై చేతులు ఆనించి గాల్లో పల్టీ కొట్టే విభాగం) నాలుగో స్థానం దాకా వెళ్లింది. చిన్ననాడే కరాటే నుంచి ఇటు మళ్లి, హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియంలో సాధన చేసిన బుద్దా అరుణారెడ్డి 2018లో మెల్‌బోర్న్ ప్రపంచకప్‌లో వాల్ట్ కాంస్యం గెలిచి, ఆ పోటీల్లో వ్యక్తిగత పతకం అందుకున్న తొలి భారత జిమ్నాస్ట్ అయింది. తెలంగాణ క్రీడా పాఠశాలలు నాలుగో తరగతిలో చేరే పిల్లలను అటూ ఇటూ పరుగెత్తే షటిల్ రన్, నిలువు గెంతు, ఒంటి వంపు వంటి పరీక్షలతో వడపోస్తాయి. పతకాల లెక్కలో ఇదంతా సబబే. కానీ ప్రజల డబ్బుతో కట్టిన హాలుకు ఆ ఒక్క లెక్కే ఉండాలా అన్నది వేరే ప్రశ్న.

పెద్దలు కూడా జిమ్నాస్టిక్స్ చేయగలరని చెప్పేవారు వెంటనే ఒక్సానా చుసోవిటినా పేరు ఎత్తుతారు. ఆమె 1992 నుంచి వరుసగా ఎనిమిది ఒలింపిక్స్ ఆడి, టోక్యోలో 46 ఏళ్ల వయసులో వాల్ట్ చేసింది. దీపా కూడా 30 ఏళ్ల వయసులో, 2024లో తాష్కెంట్‌లో ఆసియా చాంపియన్‌షిప్ స్వర్ణం గెలిచింది. ఈ ఉదాహరణలు ఉత్సాహపరుస్తాయి గానీ కొత్తగా మొదలుపెట్టేవారికి సాక్ష్యంగా పనికిరావు. ఆ ఇద్దరూ చిన్నప్పుడు నేర్చినదాన్ని నిలుపుకున్నారు, నడివయసులో మొదలుపెట్టలేదు. నిజమైన సాక్ష్యం పోటీలు లేని చోట దొరుకుతుంది. 1953లో రోటర్‌డామ్‌లో మొదలై నాలుగేళ్లకోసారి జరిగే వరల్డ్ జిమ్నాస్ట్రాడాలో మార్కులు, పతకాలు ఉండవు. అన్ని వయసులవారు, తల నెరసినవారితో సహా, బృందాలుగా వచ్చి ప్రదర్శనలు ఇచ్చి వెళ్తారు. 1811లో బెర్లిన్ హాజెన్‌హైడెలో ఫ్రీడ్రిక్ లుడ్విగ్ యాన్ ఆరుబయట వ్యాయామ మైదానం తెరిచిన నాటి నుంచి జర్మనీ ఊళ్లలో వ్యాయామ సంఘాలు వేళ్లూనుకున్నాయి. 2012లో కాట్‌బస్‌లో 86 ఏళ్ల యోహన్నా క్వాస్ పారలల్ బార్స్ అనే జంట కడ్డీలపై చేసిన ప్రదర్శన ప్రపంచమంతా చూసిందంటే, ఆమె పట్టుదల వెనక అలాంటి సంఘాల సంప్రదాయమూ ఉంది.

ఇక శరీరం సంగతి. పెద్దల కండరాలు కొన్ని వారాల్లోనే బలం పుంజుకుంటాయి. కండరాన్ని ఎముకకు కట్టే స్నాయువులకు రక్తప్రసారం తక్కువ కాబట్టి అవి అంత త్వరగా గట్టిపడవు. మూడో నెలలో "నాకిప్పుడు బలం వచ్చింది" అనుకుని గట్టిగా గెంతినవారికి మడమ పైనున్న అకిలిస్ స్నాయువు తెగేది అందుకే. రోజంతా కీబోర్డు మీద ఆనిన మణికట్టు ఒక్కసారిగా ఒంటి బరువంతా మోయాల్సి రావడం రెండో చిక్కు. మూడోది భయం, ఇది లోపం కానే కాదు. పదేళ్ల పిల్ల పడితే లేచి దులుపుకుంటుంది. నలభై ఏళ్ల మనిషి పడితే నెల జీతం, ఇంటి అద్దె, పిల్లల ఫీజు కళ్ల ముందు కదులుతాయి. పెద్దలకు నేర్పే చోటు ఈ మూడింటికీ జవాబు చెప్పగలగాలి.

చోటును ఎంచుకునేవారు మొదట గోడమీది పతకాల ఫొటోలు చూస్తారు. చూడవలసింది కింద. పోటీ ఫ్లోర్ 12 మీటర్ల చదరం. దాని అడుగున స్ప్రింగులు, వాటిమీద ప్లైవుడ్ పలకలు, ఆపైన ఫోమ్, అన్నిటికీ పైన కార్పెట్ ఉంటాయి. ఈ ఏర్పాటు ఉన్న హాళ్లు మన నగరాల్లో కొద్దే. చాలాచోట్ల సిమెంటు నేల మీద పజిల్ ముక్కల్లా అతికే మ్యాట్లు పరిచి పల్టీలు నేర్పుతుంటారు. పిల్లిమొగ్గలకు, చేతులమీద నిలబడడానికి అవి చాలు గానీ గాల్లోకి లేచే ఏ విన్యాసానికీ చాలవు. ల్యాండింగ్ మ్యాట్ మీద మోకాలు ఆనించి గట్టిగా నొక్కి చూడండి. అడుగున నేల తగిలితే ఆ మ్యాట్ పని అయిపోయినట్టే. రెండు మ్యాట్ల మధ్య వెల్క్రో పట్టీ లేకపోతే ఆ సందులో కాలివేలు ఇరుక్కుని చీలమండ మెలిపడుతుంది. ఫోమ్ ముక్కలు నింపిన గుంత ఉంటే మరింత నిశితంగా చూడాలి. ముక్కలు పొడిపొడిగా రాలుతున్నా, చేయి మోచేతి దాకా దింపినప్పుడు అడుగు గట్టిగా అణిగిపోయి తగిలినా, ఎన్నాళ్లుగానో వాటిని తిరగేయలేదని అర్థం. గుంత మెత్తగా ఉందన్న ధీమాతో తలకిందులుగా దూకి మెడ దెబ్బతీసుకున్నవారు ఉన్నారు. మంచి హాల్లో తలకిందులుగా దూకకూడదన్న నియమం నోటితో చెప్పడమే కాదు, గోడమీద రాసి ఉంటుంది.

అగర్తలలో దీపాకు పాత స్కూటర్ విడిభాగాలతో కూర్చిన సరంజామా మీద శిక్షణ మొదలైందన్న కథ తరచూ వింటాం. స్ఫూర్తిదాయకమే, కాదనను. కానీ ఆ కథను అడ్డం పెట్టుకుని, "పట్టుదల ఉంటే చాలు, పరికరాలదేముంది" అని పెద్దల బ్యాచ్‌లకు ఫీజు వసూలు చేసేవారిని చూస్తే చిరాకు వస్తుంది. పాతిక కిలోల పిల్ల పడడం వేరు, ఎనభై కిలోల మనిషి పడడం వేరు.

కోచ్ విషయంలోనూ తేడా ఈ బరువు దగ్గరే తెలుస్తుంది. పిల్లలకు నేర్పే కోచ్ పల్టీ మధ్యలో చేయి వేసి నడుం దగ్గర అందుకుంటాడు. అదే అలవాటుతో పెద్దవాళ్లను పట్టబోతే ఇద్దరూ కింద పడతారు. కాబట్టి పైకప్పు కప్పీల నుంచి తాళ్లతో వేలాడే నడుం బెల్టు గానీ, ఎత్తు తగ్గించి వాలుగా పెట్టే ఫోమ్ దిమ్మలు గానీ ఆ హాల్లో ఉన్నాయా అని అడగాలి. కోచ్‌కు పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ (ఎన్‌ఐఎస్) డిప్లొమా ఉంటే మంచిదే, అడగడానికి మొహమాటపడనక్కర్లేదు. అయినా డిప్లొమాకన్నా మొదటి క్లాసు ఎక్కువ చెబుతుంది. మంచి కోచ్ ముందు పాత గాయాలు, బీపీ, నడుం నొప్పి గురించి ఆరా తీస్తాడు. తర్వాత పడడం నేర్పుతాడు. వెనక్కి తూలినప్పుడు చేతులు వెనక ఆనించకుండా ఛాతీమీద కట్టుకుని, గడ్డం లోపలికి లాగి, వీపు గుండ్రంగా చేసి దొర్లడం అలవాటు చేయిస్తాడు. ఎత్తు 125 సెంటీమీటర్ల బీమ్ ఎక్కించడు. అదే పది సెంటీమీటర్ల వెడల్పు గల దిమ్మను నేలమీద పెట్టి నడిపిస్తాడు. "మూడు వారాల్లో బ్యాక్‌ఫ్లిప్" అని రీల్స్‌లో ఊరించేవాడు ఈ పనులేవీ చేయడు. ఎందుకంటే వీటిలో వీడియోకు పనికొచ్చేది ఒక్కటీ లేదు.

మహిళలకు మరో ప్రశ్న కూడా ఉంటుంది. ఈ ఆటలో పట్టుకోవడం అంటే నడుం, వీపు, తొడల మీద చేయి పడడమే. ఎక్కడ, ఎందుకు చేయి వేస్తున్నదీ ముందే చెప్పి, అనుమతి తీసుకుని, వద్దంటే బెల్టుతో నేర్పే చోటునే నమ్మవచ్చు. మహిళా కోచ్ ఉన్నారా, బట్టలు మార్చుకునే గది ఉందా అని అడిగితే నసిగే హాలు నుంచి అటునుంచి అటే తిరిగి రావచ్చు.

అసలైన హాలు దొరకనివారు పార్కోర్ (అడ్డంకులను గెంతి, ఎక్కి దాటే సాధన), కాలిస్థెనిక్స్ (ఒంటి బరువుతో చేసే వ్యాయామం) స్టూడియోల వైపు వెళ్తున్నారు. చేతులమీద నిలబడడం, రింగులపై వేలాడడం అక్కడ బాగానే వస్తాయి. మాల్స్‌లోని ట్రాంపొలిన్ పార్కులను మాత్రం శిక్షణ కేంద్రాల కింద లెక్కించలేం, పక్కవాళ్ల గెంతులకు మన పాదం కింది వల అదిరే చోట పల్టీ అభ్యసించడం అవివేకం. పెద్దలను ఆహ్వానించడంలో మన దేశంలో నాకు నచ్చే నమూనా జిమ్నాస్టిక్స్‌ది కాదు, స్తంభం, తాడు మీద విన్యాసాలు చేసే మల్లఖంబ్‌ది. ముంబయి దాదర్‌లోని శ్రీ సమర్థ వ్యాయామ మందిర్‌లో ఉదయ్ దేశ్‌పాండే దశాబ్దాలుగా పిల్లలతో పాటు అంధులకు, వయసు మళ్లినవారికి కూడా తాడు, స్తంభం మీద సాధన చేయించారు. 2024లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అక్కడ ఖరీదైన పరికరాలకన్నా, వచ్చినవారిని వయసు చూసి వెనక్కి పంపని పద్ధతే ఎక్కువగా పనిచేసింది.

అమెరికాలోని మనవాళ్లకు ఈ సమస్య ఇంకోలా ఎదురవుతుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో శనివారం పొద్దున పిల్లలను జిమ్నాస్టిక్స్ క్లాసులో దింపి, అద్దం ఇవతల కుర్చీలో ఫోన్ చూసుకుంటూ కూర్చునే తెలుగు తల్లిదండ్రులు తక్కువేమీ కాదు. అలాంటి కేంద్రాలు కొన్నింటిలో వారంలో ఒకటి రెండు రాత్రులు పెద్దలకోసం "ఓపెన్ జిమ్" అనే స్వేచ్ఛా సాధన వేళ ఉంటుంది. దెబ్బ తగిలితే బాధ్యత తమదేనని సంతకం పెట్టి లోపలికి వెళ్లవచ్చు. అయితే చాలాసార్లు అక్కడ నేర్పేవారు ఉండరు, కనిపెట్టుకుని ఉండేవారే ఉంటారు. కొత్తవారు ముందు పాఠాల బ్యాచ్‌లో చేరి, ఆ తర్వాతే దానికి వెళ్లడం క్షేమం.

ఇక మన స్టేడియాల మాట. షటిల్ కోర్టులను, ఈత కొలనులను రుసుము కట్టి ఆడుకునే "పే అండ్ ప్లే" పద్ధతిలో పెద్దలకు తెరవడం మనకు అలవాటైన పనే. జిమ్నాస్టిక్స్ హాలును అలా తెరిస్తే క్రీడాకారుల పరికరాలు పాడవుతాయని అధికారులు అనవచ్చు. ఆ అభ్యంతరం వాల్ట్‌కు, అన్‌ఈవెన్ బార్స్‌కు వర్తిస్తుంది. వాటికి తాళం వేసి, పిల్లల సాధన ముగిశాక రాత్రి గంటసేపు ఫ్లోర్, నేల బీమ్, గోడవార మ్యాట్లు మాత్రమే తెరవవచ్చు. బ్యాచ్‌కు పదిమందికి మించకూడదు, డిప్లొమా ఉన్న కోచ్ ఒకరు తప్పనిసరిగా ఉండాలి, ప్రమాద బీమా రుసుములోనే కలిసి ఉండాలి. ఆ రుసుమును స్టేడియం సాధారణ ఖాతాలో కలపకుండా విడిగా ఉంచి, ఏటా అరిగిన మ్యాట్లు మార్చడానికే ఖర్చు పెట్టాలి. ఎందుకంటే మర్నాడు సాయంత్రం అవే మ్యాట్ల మీద దిగేది నాలుగో తరగతి పిల్లలు.