ఒకటో తారీఖు డబ్బు చేసే పని

ఏ ఇంటికి ఎంతవరకు అరువు ఇవ్వచ్చో ఊళ్లో కిరాణా షావుకారుకు తెలిసినంతగా బ్యాంకు మేనేజరుకు కూడా తెలియదు. ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో ఈ మధ్య అతని లెక్క ఒకచోట మారింది. కూలికి వెళ్లే కొడుకున్న ఇంటికన్నా, పెన్షన్ వచ్చే ముసలమ్మ ఉన్న ఇంటికి ధైర్యంగా సరుకు కట్టి ఇస్తున్నాడు. కొడుక్కి పని ఎప్పుడు దొరుకుతుందో, దొరికినా అందులో ఇంటికి చేరేదెంతో ఎవరూ చెప్పలేరు. ముసలమ్మ డబ్బు మాత్రం ఒకటో తారీఖున గడప దగ్గరికే వస్తుంది.

నగదు సాయం మీద మన దగ్గర జరిగే చర్చంతా ‘ఎంత’ అన్న దగ్గరే తిరుగుతుంది. ఎన్నికల సభలో ఒకరు మూడు వేలంటే ఇంకొకరు నాలుగు వేలంటారు. టీవీ స్టూడియోలో కూర్చున్నవాళ్లు ఖజానా ఖాళీ అంటారు. అంకె ముఖ్యం కాదని అనను. రాష్ట్రం విడిపోయేనాటికి వృద్ధాప్య పెన్షన్ 200 రూపాయలు. ఆ డబ్బుతో ఎవరి బతుకూ మారలేదు. 2014లో రెండు ప్రభుత్వాలూ దాన్ని 1,000 చేశాయి. తెలంగాణలో 2019లో 2,016 అయింది. ఆంధ్రలో 2019 మొదట్లో 2,000 అయి, తర్వాత విడతకు 250 చొప్పున పెరుగుతూ 2024 జనవరికి 3,000కి, ఆ జులైలో 4,000కి చేరింది. అయితే అంకె ఒక స్థాయి దాటాక ఇంట్లో మార్పు తెచ్చేది ఇంకొకటి: ఆ డబ్బు ఎప్పుడొస్తుందో ముందే తెలియడం.

ఒక ఇంటి లెక్క వేసి చూద్దాం. ఏ మండలంలోనైనా కనిపించే ఇల్లే. ఆంధ్రలో రెండెకరాల సొంత భూమి, మొగుడూ పెళ్లాం, బడికెళ్లే ఇద్దరు పిల్లలు, ముసలి తల్లి. పెన్షన్ కింద ఏడాదికి 48 వేలు. రైతులకిచ్చే అన్నదాత సుఖీభవ కింద, కేంద్రం పీఎం కిసాన్ పేరుతో ఇచ్చే ఆరు వేలు కలుపుకుని, 20 వేలు. తల్లికి వందనంలో పిల్లాడికి 15 వేలంటారు గానీ బడి అభివృద్ధికి రెండు వేలు పోను ఖాతాలో పడేది 13 వేలు, ఇద్దరికి 26 వేలు. అన్నీ వస్తే 94 వేలు. చిన్న మొత్తం కాదు. ఇప్పుడు ఇదే ఇంట్లోంచి ముసలమ్మను తీసేయండి, 48 వేలు పోయాయి. భూమి తీసేయండి, 20 వేలు పోయాయి. పిల్లలు ఇంకా అంగన్‌వాడీ వయసులోనే ఉన్నారనుకోండి, మిగిలిందీ పోయింది. భూమి లేని, పసిపిల్లలున్న కూలి జంట చేతికి ఈ మూడు పథకాల్లో ఒక్కటీ రాదు. ఊళ్లో అందరికన్నా ఇబ్బందిలో ఉండేది చాలాసార్లు ఆ జంటే.

సరే, 94 వేలు వచ్చే ఇల్లే తీసుకుందాం. ఆ డబ్బుతో అప్పులు తీరిపోతాయా? తీరవు. 2019 నాటి జాతీయ సర్వే లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 93 వ్యవసాయ కుటుంబాలు అప్పుల్లో ఉన్నాయి, సగటు అప్పు రెండు లక్షల 45 వేలు. తెలంగాణలోనూ నూటికి 90కి పైనే. బోరు ఎండిపోతేనో, ఆడపిల్ల పెళ్లికో, పెద్దాసుపత్రికో చేసిన పెద్ద అప్పును ఏ పెన్షనూ కదిలించలేదు. నగదు సాయం కదిలించేది చిన్న అప్పును. చేబదులు అంటామే, అది. జ్వరం మాత్రలకు రెండొందలు, ఆసుపత్రికి బస్సు చార్జీ వంద, గ్యాస్ బండకు తక్కువ పడ్డ మూడొందలు.

ఈ చిన్న అప్పును ఆర్థికవేత్తలు పెద్దగా లెక్కపెట్టరు. ఊళ్లో బతికినవాళ్లకు దాని బరువు తెలుసు. ఐదొందల కోసం మోతుబరి ఇంటి అరుగు ముందు నిలబడాలి. ఆయన భోంచేసి బయటికొచ్చేదాకా ఆగాలి. ఇచ్చిన డబ్బుకు వడ్డీ అడక్కపోవచ్చు. కానీ కలుపుతీతకో కోతకో ఆయన పిలిచిన రోజు ఇంకెక్కడికీ పోకూడదు. పక్క ఊళ్లో యాభై రూపాయలు ఎక్కువ ఇస్తున్నా సరే. వడ్డీ అలా కూలి రేటులో వసూలవుతుంది. ఇంట్లో ప్రతినెలా నికరంగా వచ్చే నాలుగు వేలు ఉంటే ఆ అరుగు దగ్గరికి పోయే అవసరం తగ్గుతుంది. ‘పథకాలొచ్చాక కూలీలు దొరకట్లేదు, జనం సోమరులైపోయారు’ అని వాపోయేవాళ్ల మాటను నేను ఇలాగే అర్థం చేసుకుంటాను. చాలాచోట్ల దొరకనిది పాత రేటుకు వచ్చే కూలీ. రేటు అడిగి వచ్చేవాళ్లను సోమరులనడం కుదరదు. ఊళ్లో కూలీలు తగ్గడానికి పట్నం వలసలూ, పిల్లల చదువులూ కూడా కారణాలే, ఆ పద్దు కూడా పెన్షన్ ఖాతాలోనే రాస్తున్నారు.

సోమరితనం మాట ఉత్త అనుమానంగానే మిగిలిపోలేదు, పరీక్షించి చూశారు. మధ్యప్రదేశ్‌లో 2011 నుంచి ‘సేవా’ అనే మహిళా సంఘం, యునిసెఫ్ సాయంతో, కొన్ని ఊళ్లలో ప్రతి మనిషికీ షరతుల్లేకుండా నెలనెలా డబ్బిచ్చింది. పెద్దవాళ్లకు మొదట 200, తర్వాత 300, పిల్లలకు అందులో సగం. జనం పని మానలేదు. తిండి మెరుగుపడింది, మేకలూ గేదెలూ కొన్నారు, సొంత చేలో పని పెరిగింది. మందు సంగతికి వస్తే, ప్రపంచబ్యాంకు పరిశోధకులు పలు దేశాల్లో జరిగిన 19 అధ్యయనాలను కలిపి చూశారు. నగదు సాయం వల్ల మద్యం, పొగాకు ఖర్చు పెరిగినట్టు తేలలేదు. మన ఊళ్లలో తాగుడు లేదని కాదు. అది బెల్టు షాపు సమస్య, ఎక్సైజు ఆదాయం మీద ఆధారపడ్డ ప్రభుత్వాల సమస్య. దాన్ని ముసలమ్మ పెన్షన్‌కు అంటగట్టడం అన్యాయం.

తేదీ సంగతికి మళ్లీ వస్తాను, అసలు కథ అక్కడే ఉంది. 2024 మార్చి ఆఖర్లో, ఎన్నికల కోడ్ అమల్లో ఉండగా, ఆంధ్రలో వాలంటీర్లు పెన్షన్లు పంచకూడదని ఎన్నికల సంఘం ఆదేశించింది. దాని వెనకున్న రాజకీయ వాదనలు పక్కన పెడదాం. ఏప్రిల్‌లో పంపిణీ ఆలస్యంగా మొదలైంది. ముసలివాళ్లు ఎండలో గ్రామ సచివాలయాల దాకా నడిచారు. మే నెలలో చాలామందికి డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాల్లో వేశారు. కాగితం మీద ఇంతకన్నా శుభ్రమైన పద్ధతి ఉండదు. కానీ ఏళ్ల తరబడి వాడని ఖాతా పనిచేయదు, ఏ ఖాతాకు ఆధార్ ముడిపెట్టి ఉందో మనిషికి గుర్తుండదు, బ్యాంకు ఉన్న ఊరు ఆరేడు కిలోమీటర్లు. ఆటోకు వంద, తోడొచ్చిన మనిషికి ఒకరోజు కూలి. అదే మూడు వేలు, దారి మారేసరికి చేతికొచ్చేది తగ్గింది.

గడప దగ్గరికి వచ్చినా పని అయిపోయినట్టు కాదు. ఒకటో తారీఖు పొద్దున సచివాలయం ఉద్యోగి ఫోనూ, వేలిముద్ర మిషనూ పట్టుకుని వస్తాడు. యాభై ఏళ్లు నాట్లేసి, అంట్లు తోమిన వేలికి గీతలు మిగలవు. బొటనవేలు పడదు. చూపుడువేలు కొంగుకు తుడిచి పెడుతుంది, పడదు. కొబ్బరినూనె రాయమని పక్కింటామె సలహా ఇస్తుంది. చివరికి ముఖం ఫొటో తీస్తే ఫోను ఒప్పుకుంటుంది, సిగ్నల్ ఉంటే. ఐదొందల నోట్లు ఎనిమిది చేతిలో పడతాయి. వాటిలో ఒకటి మాత్రల షాపుకు, రెండు షావుకారుకు, ఒకటి మనవడికి. మిగిలినవి చీరకొంగున ముడిపడతాయో, కొడుకు తీసుకుంటాడో ఆ ఇంటిని బట్టి ఉంటుంది. కొడుకు తీసుకున్నా అడిగే తీసుకోవాలి. అడిగించుకునే స్థానం ఆమెకు వచ్చింది. కోడలు ‘అత్తా, తిన్నావా’ అనడంలో ఆ నాలుగు వేల పాత్ర ఎంతో ఎవరూ కొలవలేరు, లేదని మాత్రం అనలేరు.

తెలంగాణలో ఆసరా పెన్షన్ డబ్బుకు ఇంత ఖాయమైన తేదీ లేదు. ఈ నెలది వచ్చే నెలాఖరుకు పడ్డ సందర్భాలు అక్కడి పెన్షన్‌దారులందరికీ తెలుసు. అక్కడ రైతుకు పెట్టుబడి సాయంగా ఇచ్చిన రైతుబంధు కథ ఇంకా స్పష్టం. 2018 మేలో చెక్కుల రూపంలో మొదలైనప్పుడు దాని ఉద్దేశం తెలివైనది. ఎకరాకు 4,000, వానాకాలం సాగుకు ముందే, షావుకారు దగ్గరికి పోకముందే. తర్వాత అది 5,000 అయింది, రైతు భరోసాగా పేరు మారాక 6,000 అయింది. మొత్తం పెరిగింది గానీ, విత్తనాలకు ముందే అన్న మాట నిలవలేదు. 2023 నవంబర్‌లో పోలింగ్‌కు మూడు రోజుల ముందు ఎన్నికల సంఘం, పంపిణీకి తానే ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకుంది. మంత్రి ఒకరు దాన్ని సభలో ప్రచారానికి వాడుకోవడం కారణం. శిక్ష పడింది యాసంగి నాట్లకు డబ్బు కోసం చూస్తున్నవాళ్లకు.

ఆలస్యానికి ధర ఉంది, లెక్క కట్టచ్చు. రెండెకరాల రైతుకు జూన్‌లో రావాల్సిన 12 వేలు సెప్టెంబర్‌లో వచ్చాయనుకోండి. విత్తనం, ఎరువు ఆగవు కాబట్టి నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తాడు. మూడు నెలలకు వడ్డీ 1,080. అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటుంది. ఎరువుల కొట్టులో అరువు తెచ్చినవాడు పంట కూడా చాలాసార్లు ఆ కొట్టు యజమానికే, ఆయన చెప్పిన రేటుకే తూకం వేయాలి. సాయం సమయానికి వచ్చి ఉంటే తప్పేది ఆ ఇరుకు. సెప్టెంబర్‌లో వచ్చిన 12 వేలు బ్యాంకు పాసుబుక్కులో మాత్రం అంతే కనిపిస్తాయి, ప్రభుత్వ లెక్కలో పథకం అమలైనట్టే.

ఇక భూమిని పట్టుకుని వెళ్లే సాయంలో నాకు కనిపించే పెద్ద తప్పు కౌలుదారును వదిలేయడం. పీఎం కిసాన్ భూమి పేరున్నవాళ్లకే. రైతుబంధు పట్టాదారుకే, అదీ ఎకరాల మీద పరిమితి లేకుండా. హైదరాబాద్‌లో ఉండే యజమాని ఖాతాలో డబ్బు పడుతుంది, ఎండలో నిలబడి పత్తి వేసేవాడికి పైసా రాదు, కౌలు మాత్రం తగ్గదు. ఆంధ్రలో కౌలు కార్డు కోసం 2019లో చట్టం తెచ్చారు. కార్డుకు యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనన్న భయంతో ఆయన పెట్టడు. తెలంగాణ 2025లో భూమి లేని కూలీలకు ఏడాదికి 12 వేల ఆత్మీయ భరోసా మొదలుపెట్టింది. ఉపాధి హామీలో కనీసం 20 రోజులు పని చేసి ఉండాలన్నది షరతు. ఆలోచన మంచిదే. ఆ పని హాజరు పట్టీలో పేరు లేని ఒంటరి ముసలిది, ఎప్పుడూ పక్క జిల్లా మిర్చి కోతలకు పోయే జంట అందులోకి రారు.

మార్చడానికి కొత్త పథకాలు అక్కర్లేని చోట్లు కూడా ఉన్నాయి. వృద్ధాప్య పెన్షన్ రెండు రాష్ట్రాల్లోనూ మామూలుగా ఇంటికి ఒకటే. దంపతులిద్దరికీ అర్హత వయసు దాటినా వచ్చేది ఒకరికే. అది మొగుడి పేరు మీద ఉన్న ఇల్లు తీసుకోండి. ఆయన పోతే ఆమెకు విధవ పెన్షన్ కోసం కొత్త అర్జీ, కొత్త ఎదురుచూపు ఉండేవి. ఆంధ్రలో 2024 చివర్లో ఆ ఖాళీని పూడుస్తూ, పెన్షన్‌దారు చనిపోతే భార్యకు తర్వాతి నెల నుంచే ఇచ్చే ఏర్పాటు చేశారు. ఆయన బతికున్నన్నాళ్లూ ఆమె పేరున మాత్రం ఏమీ లేదు. నాట్లు, కలుపులు, పశువుల పని అన్నీ ఆయనతో సమానంగా చేసిన మనిషి, ఒకటో తారీఖున మిషను ముందు వేలు పెట్టేది మాత్రం ఆయనే. మాత్రలకు ఆమె ఆయన్నే అడగాలి.