చూసినవాళ్లందరూ అబద్ధాలకోరులు కారు

పోయిన వేసవిలో గుంటూరు వెళ్లినప్పుడు మా అబ్బాయి టీషర్టు మీద ఒళ్లంతా బొచ్చుతో చేతులూపుకుంటూ నడిచిపోతున్న ఆకారం ఒకటి ఉంది. బ్రాడీపేట ఇంటి అరుగు మీద మామిడికాయ ముక్కల్లోంచి జీడి తీసి గుడ్డతో తుడుస్తున్న పెదనాన్న కళ్లజోడు సర్దుకుని చూశారు. "ఎవరురా ఇతను? మనిషా, కోతా?"

బిగ్‌ఫుట్ అంటారనీ, మేముండే వాషింగ్టన్ రాష్ట్రపు అడవుల్లో తిరుగుతుందని కొందరి నమ్మకమనీ చెప్పాను.

"అయితే నేనూ చూశాను" అన్నారు. ఉద్యోగంలో ఉన్నరోజుల్లో శ్రీశైలం వెళుతుంటే, దోర్నాల దాటాక ఘాట్ రోడ్డులో బస్సు ఆగిందట. లైట్ల వెలుగులో రెండు కాళ్ల మీద నిలబడిన నల్లటి ఆకారం. దయ్యమని సగం బస్సు దండకం అందుకుంది. డ్రైవర్ మాత్రం "ఎలుగుబంటి, కూర్చోండి" అని హారన్ కొట్టాడట.

నేను నవ్వేశాను. ఆ నవ్వే ఇప్పటికీ నన్ను గుచ్చుతోంది. ఎందుకంటే ఇలాంటి కథనే సియాటిల్‌లో మా ఆఫీసు సహోద్యోగి చెప్పినప్పుడు నేను నవ్వలేదు. కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా విన్నాను. తెల్లవాడు చూస్తే వింత జీవి, మనవాడు చూస్తే మూఢనమ్మకం! ఈ రెండు తూకాల త్రాసు ప్రవాసులమైన మనలో చాలామంది ఇళ్లలో ఉంది.

నా మాట దాచుకోను. బిగ్‌ఫుట్ లేదు. 1958లో ఉత్తర కాలిఫోర్నియాలోని బ్లఫ్ క్రీక్ దగ్గర రోడ్డు పనివాళ్లకు కనిపించిన భారీ పాదముద్రలతో ఆ పేరు పత్రికలకెక్కింది. అక్కడి కాంట్రాక్టరు రే వాలస్ 2002లో చనిపోయాక, ఆ ముద్రలు ఆయన వేసినవేనంటూ కుటుంబసభ్యులు చెక్క పాదాలు బయటపెట్టారు. అదే బ్లఫ్ క్రీక్‌లో 1967 అక్టోబరు 20న ప్యాటర్సన్, గిమ్లిన్ అనే ఇద్దరు బిగ్‌ఫుట్ నడిచిపోతోందంటూ తీసిన సినిమా ముక్క నిమిషం కూడా ఉండదు. మా అబ్బాయి టీషర్టు మీది భంగిమ అందులోదే. ఇప్పుడు అడవికి వెళ్లే ప్రతివాడి జేబులోనూ కెమెరా ఉన్నా అంతకంటే మంచి బొమ్మ ఒక్కటీ రాలేదు.

హిమాలయాల్లో తిరుగుతుందనే మంచుమనిషి 'యతి' కథా అంతే. యతివని దాచుకున్న ఎముక, పన్ను, చర్మం, వెంట్రుకల వంటి తొమ్మిది నమూనాలకు డీఎన్ఏ పరీక్ష చేసి 2017లో ఫలితాలు ప్రకటించారు. ఎనిమిది ఎలుగుబంట్లవి, ఒకటి కుక్కది.

అలాగని చూశామన్నవాళ్లంతా కోతలు కోస్తున్నారని కాదు. ఎలుగుబంటి వాసన పట్టడానికి, దూరం చూడటానికి వెనక కాళ్ల మీద లేచి నిలబడుతుంది. నడిచేటప్పుడు వెనక పాదం ముందు పాదం ముద్ర మీద పడితే, బురదలో రెండూ కలిసి మనిషి పాదానికి రెట్టింపు పొడవున కనిపించవచ్చు. చీకటి, భయం, అరక్షణం. మిగిలిన బొమ్మను మనసు పూరిస్తుంది. దేనితో పూరిస్తుందన్నది చిన్నప్పుడు విన్న కథలను బట్టి ఉంటుంది. నల్లమలలో అది దయ్యం, మా రాష్ట్రంలో బిగ్‌ఫుట్.

మా రాష్ట్రంలోని స్కమేనియా కౌంటీ 1969లో ఈ జీవిని చంపితే పదివేల డాలర్ల జరిమానా, ఐదేళ్ల జైలు అని శాసనమే చేసింది. దాన్ని ముచ్చటగా చెప్పుకుంటాం. మన ఊళ్లలో ఇంటి తలుపు మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసుకున్నవాళ్లను మాత్రం వెక్కిరిస్తాం. వెక్కిరిస్తే రెండింటినీ వెక్కిరించాలి, లేదా రెండింటినీ కూర్చుని వినాలి. నాకు రెండోదే ఇష్టం. విన్నాక "ఎంత దూరంలో? ఎంతసేపు? పక్కన ఎవరున్నారు?" అని అడగవచ్చు. అడగడం అవమానించడం కాదు.

అందుకే మొన్న ఫోనులో పెదనాన్నను ఆ ఆకారం ఎంత ఎత్తుందని అడిగాను. ఏడడుగులన్నారు. వేసవిలో ఆరే. మళ్లీ నవ్వబోయి ఆగాను. ఈ కథను సియాటిల్ మిత్రులకు చెప్పేటప్పుడు నేను జోరువానను కూడా చేరుస్తున్నాను. పెదనాన్న చెప్పిన రాత్రి చినుకైనా లేదు.