‘తిరుగుబోతులకే వస్తది’ అన్న మాటతోనే చేటు

హనుమకొండ, కాజీపేట వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. "పురుషాంగానికి కేన్సర్ మన దగ్గర లేనే లేదు. వచ్చినా తిరుగుబోతులకే వస్తది. సున్తీ చేయించుకుంటే ఏ వయసులోనైనా ఇక భయం లేదు. పుండు లేస్తే పసరు రాయండి" అని.

లేనే లేదా? 2020 అంచనాల ప్రకారం ప్రపంచంలో సుమారు 36 వేల కొత్త కేసులు. అందులో 10 వేలకు పైగా మన దేశంలోవే. నోటి కేన్సర్ అంత ఎక్కువ కాదు, నిజమే. అమెరికా, యూరప్‌లలో మాత్రం లక్ష మంది మగవాళ్లలో ఏడాదికి ఒక్కరికి కూడా రాదు.

నాకు కడుపు మండేది రెండో మాటకు. లైంగిక సంబంధంతో అంటుకునే హెచ్‌పీవీ వైరస్ కనిపించేది దాదాపు సగం కేసుల్లోనే. అది కూడా ఎంత మామూలు వైరస్ అంటే, ఒకే భార్యతో కాపురం చేసినవాళ్లకూ రావచ్చు. మిగతా సగం సంగతి వేరు. ముందు తోలు బిగుసుకుపోయి వెనక్కి రాదు, లోపల మురికి పేరుకుంటుంది, వాపు, మంట ఏళ్ల తరబడి ఉంటాయి. షుగర్ ఉన్నవాళ్లకు అక్కడ మాటిమాటికీ ఇన్‌ఫెక్షన్ వచ్చి తోలు బిగుస్తుంది. పొగ కూడా ఒక కారణమే. నిజామాబాద్, జగిత్యాల ఇళ్లలో చుట్టిన బీడీని కాల్చేవాళ్లు ఊపిరితిత్తుల గురించే భయపడతారు గానీ, ఆ విషం రక్తంలో కలిసి ఒళ్లంతా పోతుంది. యాభై దాటిన పెద్దమనిషి పుండు చూసుకుని కూడా ‘నన్ను తిరుగుబోతు అంటరు’ అని నోరు విప్పడు. అలా నెలలు గడుస్తాయి.

సున్తీ పసితనంలో జరిగితే ముప్పు బాగా తగ్గుతుంది. పెద్దయ్యాక చేయించుకుంటే అంత రక్షణ దొరకదు. తోలు బిగిసినవాళ్లకు డాక్టర్ చెబితే అవసరమే.

ఇక పసరు. రెండు మూడు వారాలకూ మానని పుండు, గట్టిపడిన మచ్చ, తోలు కింద నుంచి వాసన, రక్తం ఉంటే ముక్క తీసి పరీక్ష చేయించాలి. తొలిదశలో దొరికితే జబ్బు ఉన్న మేర తీసేసి అంగాన్ని కాపాడే వీలుంటుంది. గజ్జల్లో బిళ్లలు కట్టేదాకా ఆగితే అంగమే తీసేయాల్సి రావచ్చు.

వరంగల్‌లో ఎంజీఎం సర్కారు దవాఖాన ఉంది. కేన్సర్ అని తేలితే హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే సర్కారు కేన్సర్ దవాఖాన ఉంది, ఆరోగ్యశ్రీ వర్తిస్తుంది. చీటీ రాయించేటప్పుడు సిగ్గనిపిస్తే "మూత్రం కాడ పుండు, సర్జరీ ఓపీ" అనండి, చాలు.