మూత తీసిన గొట్టం

మా గదికీ రైలు పట్టాలకీ మధ్య ఒక ప్రహరీ గోడ, నాలుగు కొబ్బరిచెట్లు తప్ప ఇంకేమీ లేవు. తెనాలి జంక్షన్ కదా, విజయవాడ నుంచి చెన్నై పోయేవి, గుంటూరు పోయేవి, రేపల్లె పోయేవి, అన్నీ మా చెవుల్లోంచే పోయేవి. బండి దగ్గరికొస్తున్నప్పుడు కూత కీచుగా ఉంటుంది. దాటిందో లేదో ఒక్కసారిగా బొంగురుపోతుంది. దీన్నే డాప్లర్ ప్రభావం అంటారు. పగలనక రాత్రనక ఆ ప్రయోగం మా కిటికీ ముందే ఉచితంగా జరుగుతుండేది. ఆ పాఠం మేము వదిలేశాం. ఎందుకంటే అది నిరుడు పరీక్షలో వచ్చింది.

ఇది ఇంటర్ రెండో సంవత్సరం సంగతి. రాష్ట్రం విడిపోయిన కొత్తలు. తెలుగు మీడియం. ఒక గదిలో నలుగురం, రెండు మంచాలు, ఒక ఫ్యాను, మెస్సు నుంచి రెండు పూటలా క్యారియరు. నలుగురిలో ఒకడికి సిద్ధాంతి అని పేరు. అసలు పేరు హాల్ టికెట్టు మీద తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు.

అప్పట్లో ఫిజిక్స్ పేపరు 60 మార్కులు. అతిస్వల్ప సమాధాన ప్రశ్నలు పది, తలా రెండు మార్కులు, అన్నీ రాయాల్సిందే. స్వల్పాలు ఎనిమిదిస్తే ఆరు, తలా నాలుగు. దీర్ఘాలు మూడిస్తే రెండు, తలా ఎనిమిది. గట్టెక్కడానికి 21 చాలు. పుస్తకంలో పాఠాలు పదహారు. ఈ లెక్క చూస్తే మామూలు మనిషికి భయమేసి పుస్తకం తెరవాలనిపిస్తుంది. సిద్ధాంతికి మాత్రం ఛాయిస్ కనబడింది.

వాడు గత పదేళ్ల ప్రశ్నపత్రాలు సంపాదించాడు. చార్టు పేపరు ఒకటి కొనుక్కొచ్చి గోడకి అంటించాడు. స్కెచ్ పెన్నులతో గళ్లు గీసి, ఉగాది పంచాంగంలో రాశులకి రాసినట్టు పాఠాలకి ఆదాయ వ్యయాలు రాశాడు. ఆదాయం అంటే వచ్చే మార్కులు, వ్యయం అంటే అందుకు మేల్కోవాల్సిన రాత్రులు. సమాచార వ్యవస్థలు: ఆదాయం 2, వ్యయం 0, మాడ్యులేషన్ అంటే ఏమిటో, ఎందుకో, రెండు ముక్కలు చదివితే సరి. ఏకాంతర విద్యుత్తు: ఆదాయం 4, వ్యయం 11. దాని పక్కన రాజపూజ్యం సున్నా, అవమానం ఏడు అని కూడా రాశాడు. ఏకాంతర విద్యుత్తు మాకేం అన్యాయం చేసిందో తెలీదుగానీ ఆ రోజుతో దాని పేజీలు తిప్పడం మానేశాం. అద్దెకోసం వచ్చిన ఇంటి మామ్మగారు గుమ్మంలో నిలబడి ఆ చార్టు కేసి కాసేపు చూసి, "ఎవరికి బాబూ, లగ్నం పెడుతున్నారు?" అన్నారు.

దీర్ఘాలు ఏ పాఠాల్లోంచి వస్తాయో ఊళ్లో అందరికీ తెలుసు. తరంగాలు, ప్రవాహ విద్యుత్తు, కేంద్రకాలు. అందులో సిద్ధాంతం ఏమీ లేదు. ఆ పాఠంలో ఏ ప్రశ్న అన్నదగ్గరే విద్య బయటపడాలి. మావాడు మూడు సూత్రాలు కనిపెట్టాడు. ఒకటి: డాప్లర్ నిరుడు వచ్చింది కాబట్టి ఈ ఏడు రాదు. రెండు: మూసిన గొట్టం, అంటే ఒక చివర మూసిన గొట్టంలో గాలి ఎలా మోగుతుందన్న ప్రశ్న, రెండేళ్లుగా రాలేదు కాబట్టి ఈ ఏడు వస్తుంది. మూడు: అణు రియాక్టరు ప్రతి ఏడూ వస్తోంది కాబట్టి ఈ ఏడూ వస్తుంది. "మావా, మొదటి సూత్రం ప్రకారం మూడోది తప్పు కదా?" అన్నాను. "శాస్త్రం దేనికదే" అన్నాడు. ఎదురు చెప్పలేకపోయాను.

పక్క గదిలో ఇంకో పీఠం ఉండేది. వాళ్ల వాదన: రెండేళ్లుగా రాలేదంటే పేపరు తయారుచేసేవాళ్లకి ఆ ప్రశ్నంటే ఇష్టం లేదనే అర్థం, ఇంక రాదు, నిరుడు వచ్చిందంటే ఇష్టం ఉందనే అర్థం, మళ్లీ వస్తుంది. వాళ్లు డాప్లర్ వర్గం. మేము మూసిన గొట్టం వర్గం. రాత్రి భోజనాలయ్యాక వరండాలో శైవులూ వైష్ణవుల్లా వాదించుకునేవాళ్లం. రైలు వెళ్తుంటే వాళ్లు చెయ్యెత్తి, "విన్నారా? సాక్షాత్తూ వచ్చి చెబుతోంది" అనేవాళ్లు.

రెండు చివరలూ తెరచిన గొట్టం సంగతి మా రెండు వర్గాల్లో ఎవరూ ఎత్తలేదు. మూసిన గొట్టానికి అది చెల్లెల్లాంటిది కదా, అక్కని చూస్తే చెల్లెల్ని చూసినట్టే అనుకున్నాం.

ఆఖరి క్లాసులో ఫిజిక్స్ సార్‌ని చుట్టుముట్టాం. "సార్, ఇంపార్టెంట్స్ చెప్పండి సార్."

"అన్నీ ఇంపార్టెంటే నాయనా" అన్నారాయన, ఏటా అనేదే.

ఆయన మంచివారు. డాప్లర్ ఈ సంగతి 1842లో చెబితే, 1845లో హాలండ్‌లో ఒకాయన బాకాలు ఊదేవాళ్లని రైలెక్కించి, పట్టాల పక్కన సంగీతం తెలిసినవాళ్లని నిలబెట్టి పరీక్షించాడని, "మీ అదృష్టం, తెనాలిలో ఆ ఖర్చు లేదు" అని చెప్పింది ఆయనే. ఏడాది మొత్తంలో నాకు పూర్తిగా గుర్తున్నది అదొక్కటే. అది ప్రశ్నగా వచ్చే రకం కాదు.

ఆ రోజు ఆయన బోర్డు మీద మూసిన గొట్టం బొమ్మ గీసి, ఏదో సందేహం తీర్చి, బెల్లు కొట్టగానే తుడిచేసి వెళ్లిపోయారు. సిద్ధాంతి మాత్రం కదల్లేదు. బోర్డుకేసే చూస్తున్నాడు. గొట్టం పోయింది, తరంగం పోయింది, చివరన మూత గీత ఒక్కటి మిగిలింది.

"చూశావా? అన్నీ తుడిచి మూత వదిలేశాడు. ఎందుకొదిలేశాడు?"

"డస్టరు అరిగిపోయి" అన్నాను.

"నీకు సైగలు అర్థం కావు మావా."

ఆ సాయంత్రమే వాడు తుది జాబితా రాశాడు. తెల్ల కాగితం మీద మూడు దీర్ఘాలు: మూసిన గొట్టం, పొటెన్షియోమీటరు, రియాక్టరు. కింద ఎనిమిది స్వల్పాలు. వాడి రాత ఎవరి రాతలాగైనా ఉంటుంది. ఒకే వాక్యంలో మూడు రకాల 'అ'లు రాయగలడు. పొటెన్షియోమీటరుని 'పొటెన్షిమియోటరు' అని రాశాడు. ఫ్యాను గాలికి కాగితం ఎగురుతుంటే పైన టీ గ్లాసు పెట్టాడు. ఆ వేళే ట్యూషన్ కుర్రాడొకడు వచ్చి, "మావా, ఒక్కసారి చూసి ఇచ్చేస్తా" అని పట్టుకెళ్లాడు. ఇలా ఇచ్చేస్తానన్న కాగితాలు వెనక్కి రావడం నేనెప్పుడూ చూడలేదు. మేమూ అడగలేదు. మాకు నోటికి వచ్చేసింది.

ఇక చదువు మొదలవ్వాలి. కాకపోతే ముందు జాబితా మీద నమ్మకం కుదరాలి కదా. మూడు రోజులు దానికే సరిపోయింది. పాత పేపర్లు మళ్లీ తిరగేశాం. వైకుంఠపురం గుడికెళ్లి పెన్నులు పూజ చేయించుకొచ్చాం. పరీక్ష ముందురోజు సాయంత్రం జిరాక్సు షాపుకెళ్లాం. ఆ రోజుల్లో జిరాక్సు అన్నని మించిన ఇంటెలిజెన్సు విభాగం లేదు. ఏ పేజీ ఎంతమంది తీయించుకున్నారో ఆయనకే తెలుసు.

"విజయవాడ నుంచి వచ్చింది తమ్ముడూ. పక్కా" అన్నాడు గొంతు తగ్గించి. "పొద్దుట్నుంచీ నలభై మంది తీసుకెళ్లారు. పది రూపాయలు."

"జిరాక్సు రూపాయే కదన్నా?"

"కాగితం రూపాయే. విజయవాడ తొమ్మిది."

తీసుకున్నాం. గదికొచ్చేసరికి కరెంటు పోయింది. సెల్‌ఫోను లైటు వెలుతురులో నలుగురం తలలు ఆనించి చూశాం. జిరాక్సుకి జిరాక్సు తీసింది కాబోలు, అక్షరాలు వెలిసిపోయి ఉన్నాయి. పైన మాత్రం ఎవరో గుండ్రటి దస్తూరీతో 'విజయవాడ – వెరీ వెరీ ఇంపార్టెంట్' అని రాసి మూడు నక్షత్రాలు వేశారు. చదువుతున్నకొద్దీ ఒళ్లు గగుర్పొడిచింది. మూసిన గొట్టం. పొటెన్షియోమీటరు. రియాక్టరు. ఎనిమిది స్వల్పాల్లో ఎనిమిదీ మావే. వరస కూడా అదే!

సిద్ధాంతి ఏమీ మాట్లాడలేదు. మంచం మీద వాలి చేతులు తలకింద పెట్టుకుని పైకప్పుకేసి చూస్తూ, "ఎక్కడో ఒకచోట ఇంకొకడు కూడా ఇలాగే ఆలోచించాడన్నమాట" అన్నాడు. పాపం, ఆ గొంతులో ఒంటరితనం పోయిన హాయి వినబడింది. పక్క గదిలో డాప్లర్ వర్గానికి కూడా చూపించాం. ఇద్దరు అక్కడికక్కడే మతం మార్చుకున్నారు. మిగిలిన పాఠాలన్నీ చార్టుతో సహా చుట్టిపెట్టేసి మూసిన గొట్టాన్ని బట్టీ పట్టాం. మూసిన చివర అస్పందన బిందువు, అంటే గాలి కదలని చోటు. తెరచిన చివర ప్రస్పందన బిందువు, అంటే గాలి బాగా ఊగే చోటు. ప్రాథమిక పౌనఃపున్యం వి బై 4 ఎల్. హరాత్మకాల, అంటే గొట్టం పలికే స్వరాల, నిష్పత్తి 1:3:5. నిద్రలో కూడా వన్ ఈజ్ టు త్రీ ఈజ్ టు ఫైవ్ అన్నానట.

పొద్దున ఎనిమిదింటికల్లా సెంటరు గేటు దగ్గరున్నాం. నిమిషం ఆలస్యమైతే లోపలికి రానివ్వని రోజులు. అందరూ నడుస్తూ చదువుతున్నారు, ఒకర్నొకరు గుద్దుకుంటున్నారు. నేను అట్ట మీద ఆ విజయవాడ కాగితం పెట్టుకుని ఆఖరిసారి చూస్తున్నాను. ఎండలో మొదటిసారి సరిగ్గా కనబడింది. 'పొటెన్షిమియోటరు.' కాస్త పక్కన, కుడివైపు, నల్లగా ఒక వలయం. నిండు వలయం కూడా కాదు, ఒకచోట తెగి, చిన్న తోకలా కారినట్టు. ఇదేదో విజయవాడవాళ్ల ముద్రేమో అని రాత్రి అనుకున్నాం. వేలు పెట్టి చూశాను. సరిగ్గా మా గదిలో టీ గ్లాసు అడుగంత ఉంది.

"సిద్ధాంతీ."

వాడూ చూశాడు. చాలాసేపు చూశాడు.

"తొమ్మిది రూపాయలు అనవసరంగా ఇచ్చాం" అన్నాడు. ఇంతలో బెల్లు కొట్టారు.

పేపరు ఇచ్చాక నేను ముందు చివరి పేజీయే చూశాను. రియాక్టరు ఉంది, అది ఎవరి జాబితాకీ రుణపడి ఉండదు. ప్రవాహ విద్యుత్తులో పొటెన్షియోమీటరు బదులు కిర్కాఫ్ నియమాలు, వీట్‌స్టన్ బ్రిడ్జి. తరంగాల్లో: తెరచిన గొట్టంలో స్థిర తరంగాలు ఏర్పడే విధానాన్ని వివరించి, హరాత్మకాలకు సమీకరణాలు ఉత్పాదించండి.

చెల్లెలు వచ్చింది.

మూడింట రెండు రాయాలి. కిర్కాఫ్ ఎవరో తెలిసినా ఆయన నియమాలు తెలీవు. రియాక్టరు గబగబా రాసేశాను: ఇంధనం, మితకారి, నియంత్రణ కడ్డీలు, భారజలం. రెండోది గొట్టమే గతి. పెన్సిలుతో మూసిన గొట్టం చక్కగా గీశాను. రాత్రంతా గీసిన చెయ్యి, వద్దన్నా అదే వస్తోంది. తర్వాత రబ్బరు తీసుకుని మూత చెరిపేశాను. మూత తీస్తే తెరచిన గొట్టమేగా! బొమ్మ వరకూ భేషుగ్గానే ఉంది. కాకపోతే లోపల తరంగం ఇంకా మూత ఉందనుకునే అక్కడ అస్పందన బిందువు పెట్టుకుని కూర్చుంది. దాన్నీ చెరిపి ప్రస్పందనం చేశాను. కాగితం పలచబడి అవతలి పేజీ కనబడింది.

అసలు చిక్కు సమీకరణం దగ్గరొచ్చింది. తెరచిన గొట్టంలో నిష్పత్తి 1:2:3 అని రెండు మార్కుల బిట్టు కోసం ఎప్పుడో చదివింది గుర్తుంది. అంటే చేరాల్సిన ఊరు తెలుసు. బయల్దేరిన ఊరు మాత్రం వి బై 4 ఎల్. మధ్యలో దారి లేదు. బేసి సంఖ్యల్లో ఎక్కినవాణ్ణి సరి సంఖ్యల్లో ఎక్కడ దిగాలి? ఇలాంటి ఆపదల కోసమే తెలుగు మీడియం పిల్లలకి దేవుడిచ్చిన మాట ఒకటుంది: 'సూక్ష్మీకరించగా'. ఇంగ్లీషు మీడియం వాళ్లకి ఇంత బరువైన మాట లేదు. పైన నాలుగు లైన్లు మూసిన గొట్టానివి రాశాను. కింద 'మూత తొలగించి సూక్ష్మీకరించగా' అని రాసి, అండర్‌లైను చేసి, 1:2:3 అని డబ్బా కట్టేశాను.

అప్పుడే బయట బండి వెళ్లింది. కూత కీచుగా వచ్చి, గోడ దాటగానే బొంగురుపోయింది. నా ముందు బెంచీలో డాప్లర్ వర్గంలో మతం మారకుండా మిగిలినవాడు పెన్ను కిందపెట్టి, ఆ శబ్దం పూర్తిగా పోయేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. ఇన్విజిలేటర్ గారు వచ్చి, "ఏం బాబూ, ఊరెళ్లాలా?" అన్నారు.

పన్నెండింటికి బయటికొచ్చాం. సిద్ధాంతి ముఖంలో పశ్చాత్తాపం వెతికాను, కనబడలేదు. "మూడింట్లో ఒకటి తగిలింది. స్వల్పాల్లో రెండు. పంచాంగంలో వానకంటే నయం" అన్నాడు. నడుస్తూ నడుస్తూ తప్పు ఎక్కడ జరిగిందో కూడా చెప్పాడు. సార్ మూత వదిలేయడంలో సైగ ఉన్నమాట నిజమే, అర్థం తిరగేసి తీసుకున్నాం: మూత వదిలేయమన్నాడు.

జిరాక్సు షాపు ముందు పిల్లలు గుంపుగా ఉన్నారు. ఎల్లుండి కెమిస్ట్రీ. అన్న మమ్మల్ని చూసి చెయ్యి ఊపాడు.

"తమ్ముడూ, పొద్దుట్నుంచీ అందరూ అడుగుతున్నారు. విజయవాడ నుంచి కెమిస్ట్రీది ఏమైనా మీకు తగిలిందా?"

సిద్ధాంతి ఒక్క క్షణం ఆలోచించాడు. తర్వాత జేబులోంచి తెల్ల కాగితం తీసి, పక్కనున్న బడ్డీ బల్ల మీద పరిచి, చేత్తో సాపు చేశాడు.

"అన్నా, ముందు ఒక టీ చెప్పు" అన్నాడు. "గ్లాసులో. పేపరు కప్పు వద్దు."